మోకాలు, పొజిషన్, కాగితాలు: కోనసీమ అమ్మాయి ఇండియాకి ఆడాలంటే

మీరు అడిగినవి నాలుగు. రాజోలు దగ్గర ఊరు, అమ్మాయికి 14 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, వాలీబాల్‌లో ఇండియాకి ఆడుతుందని పీఈటీ మాస్టారు అంటున్నారు, నిజమేనా? నాలుగు నెలలుగా మోకాలి నొప్పి, ఆడించాలా మానిపించాలా? ఇంటర్నేషనల్ ఆడి రిటైరైన అమ్మాయిల బతుకు ఎలా ఉంటుంది, ఉద్యోగం వస్తుందా? కేరళలో వాలీబాల్ హాస్టల్‌కి పంపమంటున్నారు, పంపాలా?

మోకాలితో మొదలెడతాను. మిగతా మూడూ నెల ఆగినా కొంప మునగదు, అది మాత్రం ఆగదు.

చిప్పకి కాస్త దిగువన, కాలి ఎముక మొదట్లో ఒక బుడిపె ఉంటుంది. బొటనవేలితో అక్కడ నొక్కండి. కెవ్వుమంటే అది చాలావరకు ఆస్‌గుడ్ ష్లాటర్ అయ్యుంటుంది, ఎదిగే పిల్లల్లో మామూలే. తొడ ముందు కండరం చిప్పని పట్టుకుని కిందికి నరంలా దిగి ఆ బుడిపె దగ్గరే ఎముకకి అతుక్కుంటుంది. ఈ వయసులో అక్కడ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. దూకిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆ అతుకు లాగుతుంది. నొప్పి బుడిపె మీద కాకుండా చిప్ప కింది అంచున ఉంటే జంపర్స్ నీ అంటారు. పేరేదైనా దారి ఒకటే: దూకుళ్ళు ఎక్కువ, మధ్యలో విశ్రాంతి తక్కువ. రాత్రి నిద్రలేపే నొప్పి, మోకాలు వాచి నీరు చేరడం, మధ్యలో పట్టేసి చాపలేకపోవడం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆట ఆపేసి ఎముకల డాక్టరుకి చూపించండి. ఇవి లేకపోతే మంచం ఎక్కించక్కర్లేదు, దూకుళ్ళు తగ్గిస్తే చాలు.

తగ్గించడం అంటే లెక్కపెట్టడమే. స్మాష్, బ్లాక్, జంప్ సర్వీస్, సెట్టర్ (స్మాష్ కొట్టేవాళ్ళకి బంతి లేపి ఇచ్చే అమ్మాయి) ఎగిరి ఇచ్చే బంతి, అన్నీ లెక్కలోకే వస్తాయి. మన ఊరి ప్రాక్టీసులో అమ్మాయి నెట్ దగ్గర లైనులో నిలబడి గంటన్నరలో 150 సార్లు తేలిగ్గా ఎగురుతుంది, ఎవరికీ తెలియదు. మీరు కోర్టు పక్కన కూర్చుని కుడి జేబులో చింతగింజలు పోసుకోండి. పది దూకుళ్ళకో గింజ ఎడమ జేబులోకి మార్చండి. మొదటి మూడు వారాలూ రోజుకి నాలుగైదు గింజలే, వారానికి మూడు రోజులే, వరసగా రెండు రోజులు వద్దు. నొప్పికి పదికి ఎన్ని మార్కులో అమ్మాయినే అడగండి. ఆడేటప్పుడు మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు ముందు రోజు కంటే పెరగకపోతే వారానికి పదో వంతు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. పెరిగితే మళ్ళీ వెనక్కి. దూకని రోజు గోడకి వీపు ఆనించి కుర్చీ వేసినట్టు కూర్చోవాలి, 45 సెకన్లు, మధ్యలో రెండు నిమిషాలు ఆగుతూ ఐదుసార్లు. మోకాలు మరీ వంచితే నొప్పి వస్తుంది, నొప్పి రానంత పైకే కూర్చోమనండి.

చేయకూడనివి: మ్యాచ్‌కి ముందు నొప్పి మాత్ర వేయడం (నొప్పి తెలియదు, దెబ్బ మాత్రం తగులుతూనే ఉంటుంది), వాచిన చోట నూనె పోసి గట్టిగా రుద్దించడం, ఆ నరంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్. సంక్రాంతి టోర్నమెంట్ల సంగతి కూడా చెప్పాలి. ఫ్లడ్‌లైట్లు పెట్టి ఒకే రోజు నాలుగైదు మ్యాచ్‌లు ఆడిస్తారు, అది కూడా బిగిసిన నేల మీద. ఏడాదంతా కాపాడుకున్నది ఆ మూడు రోజుల్లో పోతుంది. ఊరి పేరు కోసం ఆడించక తప్పదంటే రోజుకి రెండు మ్యాచ్‌లని ముందే నిర్వాహకులతో మాట్లాడుకోండి.

ఇంకో పరీక్ష ఉంది, ఇది మోకాలు నొప్పి లేని అమ్మాయిలకి కూడా చేయాలి. రెండు చిప్పల మధ్యలో ఒక్కో బొట్టుబిళ్ళ అంటించండి. అడుగెత్తు స్టూలు మీంచి రెండు కాళ్ళతో కిందికి దిగి, దిగీ దిగగానే పైకి ఎగరమనండి. ఎదురుగా, మోకాలి ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయండి. నేల తగిలిన క్షణాన బిళ్ళ పాదం రెండో వేలికి నేరుగా పైన ఉండాలి. రెండు బిళ్ళలూ ఒకదాని వైపు ఒకటి జరిగాయంటే మోకాళ్ళు లోపలికి పడుతున్నాయని. ఆడపిల్లల్లో ఏసీఎల్ అనే మోకాలి లోపలి కట్టు తెగడం అబ్బాయిల కంటే బాగా ఎక్కువ, తెగేదీ ఎక్కువగా ఇలా దిగేటప్పుడే. తెగితే సాధారణంగా ఆపరేషను, కనీసం తొమ్మిది నెలలు ఆట బయట. సరిచేయడం కష్టం కాదు. మోకాళ్ళకి కాస్త పైన రబ్బరు బ్యాండు వేసి పక్కకి అడుగులు, ఒక్కో వైపు 12 చొప్పున మూడు విడతలు. అదే బ్యాండుతో సగం గుంజీళ్ళు 10 చొప్పున మూడు విడతలు. తర్వాత చప్పుడు రాకుండా దిగడం. పాదాలు టప్పుమని మోగితే ఆ దూకుడు లెక్కలోకి రాదని చెప్పండి, పిల్లలు రెండు వారాల్లో నేర్చేసుకుంటారు. వారానికి మూడు రోజులు, పావుగంట, ఆట మొదలెట్టే ముందు. నెలకోసారి మళ్ళీ వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి.

ఇక ఎత్తు. 14 ఏళ్ళకి 173 సెంటీమీటర్లంటే మన రాష్ట్రంలో మంచి ఎత్తే, ఆసియా స్థాయిలో మామూలు ఎత్తు. సెలెక్టర్లు తలని కొలిచి ఊరుకోరు, చెయ్యి ఎక్కడిదాకా అందుతోందో చూస్తారు. గోడ పక్కన మడమలు నేలకానించి ఒక చెయ్యి పైకెత్తితే మధ్యవేలు తగిలిన చోట ఒక సున్నం గుర్తు, మూడు అంగల పరుగుతో ఎగిరి తాకిన చోట ఇంకో గుర్తు. ఈ రెండో కొలతే స్పైక్ రీచ్. ఆడవాళ్ళ నెట్ 2.24 మీటర్లు. అంతర్జాతీయ స్థాయిలో స్మాషర్‌కి మూడు మీటర్లు దరిదాపు రావాలి. క్యూబాకి 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో వరసగా మూడు స్వర్ణాలు తెచ్చిన జట్టులో మిరేయా లూయిస్ ఎత్తు 175 సెంటీమీటర్లే. మీ అమ్మాయి కంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ, అంతే. ఆమె మాత్రం 3.3 మీటర్ల పైన బంతి కొట్టేది.

మాస్టారిని గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది: అమ్మాయిని ఏ పొజిషన్‌లో ఆడిస్తున్నారు? పొడుగు పిల్ల కనబడగానే నెట్ మధ్యలో బ్లాకర్‌గా నిలబెట్టేస్తారు. వెనక వరసకి రాగానే లిబరో (వెనక వరసలో బంతి కాపాడటానికే ఉండే అమ్మాయి) వచ్చేస్తుంది, మీ అమ్మాయి బయటికి. స్కూలు జట్టు గెలుస్తుంది, అమ్మాయికి మాత్రం రిసీవ్ చేయడం, అంటే అవతలి సర్వీస్‌ని అందుకుని సెట్టర్‌కి పంపడం, రానే రాదు. ఇంకో మూడంగుళాలు ఎదగకపోతే, 18 ఏళ్ళకి మధ్యలో ఆడేంత ఎత్తు లేక, పక్కన ఆడేంత రిసీవ్ రాక ఎటూ కాకుండా పోతుంది. మన దగ్గర మంచి అమ్మాయిలు పోయేది ఎక్కువగా ఇక్కడే, ఎత్తు చాలక కాదు. దక్షిణ కొరియా మాజీ కెప్టెన్ కిమ్ యాన్ క్యుంగ్ సంగతి చూడండి. 192 సెంటీమీటర్ల మనిషి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కొరియా నాలుగో స్థానంలో ఆగినా అత్యుత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చారు. స్కూల్లో చాలా ఏళ్ళు పొట్టిపిల్లే. ఎత్తు లేదు కాబట్టి రిసీవ్, సెట్టింగ్ నేర్చుకుంది, తర్వాత ఒక్కసారిగా ఎదిగింది. స్మాష్ ఎంత బలమో రిసీవ్ అంత శుభ్రంగా ఉండటం అక్కణ్ణించి వచ్చిందే. అదే ఒలింపిక్స్‌లో జపాన్‌కి 28 ఏళ్ళ తర్వాత పతకం, కాంస్యం, తెచ్చిన సెట్టర్ తకెషితా యోషియె ఎత్తు 159 సెంటీమీటర్లు.

అందుకని 16 ఏళ్ళు వచ్చేదాకా అమ్మాయి ఆరు స్థానాలూ తిరగాలి, లిబరోని పెట్టకుండా. రిసీవ్‌కి మార్కులు వేయండి: బంతి సెట్టర్ నిలబడ్డ చోటికే పోతే 3, సెట్టర్ రెండడుగులు కదిలితే 2, ఒక్క వైపుకే ఇవ్వగలిగేలా వస్తే 1, పోతే 0. ఒక ప్రాక్టీసులో 50 సర్వీసులు రాసుకుని సగటు తీయండి. 1.5 లోపుంటే సెలెక్షన్లకి పంపడం తొందరే. 2 దాటిందంటే రాష్ట్ర జట్టులో చోటు అడగొచ్చు. తప్పు ఎక్కువగా చేతుల్లో ఉండదు, పాదాల్లో ఉంటుంది. బంతి వచ్చాక కదులుతారు. సర్వీస్ చేసేవాళ్ళ భుజం ఏ వైపు తిరిగిందో చూసి బంతి నెట్ దాటేలోపే కదలాలి.

బంతి కూడా చూసుకోండి. సైకిల్ పంపుతో రాయిలా బిగించేస్తారు. ఉండాల్సిన గాలి 0.30 నుంచి 0.325 కిలోలు, చదరపు సెంటీమీటరుకి. పీఎస్ఐలో నాలుగున్నర దరిదాపు. సైకిల్ పంపు మీద గేజ్ అంత తక్కువ సరిగ్గా చూపించదు, బంతుల గేజ్ విడిగా దొరుకుతుంది. గట్టి బంతితో ముంజేతులు కందిపోతాయి, పిల్లలు భయపడి చేతులు వెనక్కి లాక్కోవడం అలవాటు చేసుకుంటారు. తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పడుతుంది.

కోర్టు గురించి మీరు అడగలేదు గానీ మోకాలి నొప్పిలో దానికీ వాటా ఉంది. డెల్టా నల్లమట్టి వానల్లో జారుతుంది, ఏప్రిల్‌కల్లా బిగిసి బీటలు వారుతుంది. బీటలో మడమ పడితే చీలమండ మడత పడుతుంది. నేల మట్టం మీద అరడుగు గ్రావెల్, దాని మీద మెరక నుంచి తోలిన ఎర్రమట్టి ఇసుక కలిపి మూడు నాలుగు అంగుళాలు, తడి మీద రోలర్. వాటం మీటరుకి 5 మిల్లీమీటర్లు మించకూడదు, బయట కోర్టులకి నిబంధనలు ఒప్పుకునేది అంతే. అంటే 9 మీటర్ల వెడల్పుకి ఒక అంచు నుంచి రెండో అంచుకి నాలుగున్నర సెంటీమీటర్లు, ఆ అంచున నీళ్ళు పోయేందుకు చిన్న బోదె. కోర్టు చుట్టూ మూడు మీటర్ల ఖాళీ కావాలి. కొబ్బరి చెట్టు రెండు మీటర్లలో ఉందంటే అమ్మాయిలు బంతి వెంట పరిగెత్తకుండా ఆగడం నేర్చుకుంటారు. సరుగుడు వాసాలకి నైలాన్ తాడుతో కట్టిన నెట్ మధ్యలో నాలుగైదు అంగుళాలు జారిపోతుంది. జారిన నెట్ మీద కొట్టిన అమ్మాయి సెలెక్షన్లలో అసలు నెట్ చూసి బంతి దాటించలేక బిత్తరపోతుంది. ఇనుప గొట్టాలు పాతి, స్టీలు తీగ లాగి, ఎత్తు కోర్టు మధ్యలో కొలవండి. గీతలకి ఘాటు సున్నం వద్దు, డైవ్ కొడితే కళ్ళలో పడుతుంది. సుద్దపొడి చాలు. అంతర్వేది, ఓడలరేవు తీరాలు మీకు దగ్గరే, వారానికోసారి ఇసుకలో ఆడించడం మోకాళ్ళకి మంచిదే. కానీ వారమంతా ఇసుకలోనే అయితే పిక్కలు, మడమ నరం పట్టేస్తాయి.

తిండికి పెద్ద హంగామా అక్కర్లేదు. 58 కిలోల అమ్మాయికి రోజుకి 80 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మూడు గుడ్లు 18, పావుకిలో చేప ముక్కలు 45 దాకా, రెండు పూటలా పప్పు, పెరుగు మిగతాది పూరిస్తాయి. పొడుల డబ్బాలు వద్దు. నెలసరి రెండు మూడు నెలలు తప్పిందంటే ఆటకి సరిపడా తినడం లేదని అనుమానించాలి. అది ఎముకల్ని దెబ్బ తీస్తుంది, వెంటనే లేడీ డాక్టరుకి చూపించండి. హిమోగ్లోబిన్ ఏడాదికి రెండుసార్లు.

ఇప్పుడు మెట్లు. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19. అసోసియేషన్ వైపు సబ్‌జూనియర్, జూనియర్, సీనియర్ నేషనల్స్. కాలేజీకి వచ్చాక యూనివర్సిటీ జట్టు, మీ వైపు కాలేజీలు చాలావరకు ఆదికవి నన్నయ యూనివర్సిటీ కిందే కాబట్టి అంతర్ యూనివర్సిటీ పోటీలకి దారి అదే. ఇండియా క్యాంపుకి పిలుపు వచ్చేది ఎక్కువగా జూనియర్ నేషనల్స్ నుంచి. ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా చెబుతాను. మన జట్టు, ఆడవాళ్ళదీ మగవాళ్ళదీ, ఇప్పటిదాకా ఒలింపిక్స్‌కి అర్హత సాధించలేదు. ఇండియా జెర్సీ అంటే ఆసియా పోటీలు, దక్షిణాసియా క్రీడలు. 2019లో ఖాట్మండు దక్షిణాసియా క్రీడల్లో మన ఆడవాళ్ళు స్వర్ణం గెలిచారు. సీనియర్ నేషనల్స్‌లో పెత్తనమంతా కేరళదీ రైల్వేస్‌దీ. వాలీబాల్‌లో అర్జున అవార్డు అందుకున్న కె.సి. ఏలమ్మ, శాలీ జోసెఫ్ ఇద్దరూ కేరళ వాళ్ళే. తెలుగువాళ్ళకి ఈ ఆట పరాయిదేం కాదు. సింధు తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు, తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే.

మగవాళ్ళకి ప్రైమ్ వాలీబాల్ లీగ్ ఉంది, 2022 నుంచి. ఆడపిల్లలకి ఆ స్థాయి లీగ్ లేదు. కాబట్టి మన దగ్గర అమ్మాయికి వాలీబాల్ కెరీర్ అంటే ఉద్యోగమే, జీతం ఇచ్చి ఆడనిచ్చే ఉద్యోగం. అందులో పెద్దది రైల్వే. స్పోర్ట్స్ కోటాకి వయసు 18 నుంచి 25, సడలింపు ఉండదు. మూల వేతనం లెవెల్ 1లో 18,000, లెవెల్ 2లో 19,900, లెవెల్ 5లో 29,200. పైవాటికి ఇంటర్, డిగ్రీ అడుగుతారు, ఆటలో సాధించింది కూడా పెద్దదై ఉండాలి. వందలో 40 మార్కులు ట్రయల్స్‌కి, 50 సర్టిఫికెట్లకి, 10 చదువుకి. చాలామందికి తెలియని మెలిక ఒకటుంది: నోటిఫికేషన్ వచ్చిన ఏడాదీ, అంతకు ముందు రెండు ఆర్థిక సంవత్సరాలవీ మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. 17 ఏళ్ళకి తెచ్చుకున్న జూనియర్ పతకం 22 ఏళ్ళకి పనికిరాదు. అంటే 18 నుంచి 21 మధ్య ఒక్క ఏడాది కూడా నేషనల్స్ తప్పకూడదు. ఇంటర్ రెండో ఏడాది కోచింగ్ పేరుతో ఆట మానిపించేది సరిగ్గా ఈ కిటికీ తెరుచుకునే ముందే, ఆ తల్లిదండ్రులు తర్వాత వచ్చి బాధపడతారు.

కాగితాలు ఇప్పటినుంచే. టెన్త్ మెమోలో పేరు ఎలా ఉంటుందో ఆధార్‌లో, ప్రతి సర్టిఫికెట్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా పడి ఫైళ్ళు ఆగిపోతాయి. కేంద్ర ఉద్యోగాలకి సర్టిఫికెట్లు నిర్ణీత ఫారంలలో కావాలి: ఇండియాకి ఆడితే ఫారం 1, రాష్ట్రానికి ఆడితే 2, యూనివర్సిటీకి 3, స్కూల్ నేషనల్స్‌కి 4. పోటీ అయిన నెలలోనే సంతకాలు చేయించుకోండి, ఆఫీసు బేరర్లు మారిపోతారు. వయసు తగ్గించి రాయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు కట్టేస్తారు, దొరికితే ఆట పోయి పేరూ పోతుంది.

రిటైరయ్యాక సంగతి. స్మాషర్లకి 28 నుంచి 32 మధ్య మోకాలో భుజమో చెప్పేస్తుంది. సెట్టర్లు, లిబరోలు ఇంకొన్నేళ్ళు లాగుతారు. రిసీవ్ ముఖ్యమని అంతగా చెప్పడానికి ఇది రెండో కారణం. పెళ్ళి, కాన్పు మధ్యలో వస్తాయి. కేంద్ర ఉద్యోగికి ప్రసూతి సెలవు 180 రోజులు. కాన్పయ్యాక మూడు నెలల లోపు పరుగు వద్దు, దూకుళ్ళు అంతకంటే ఆలస్యంగా. దగ్గినప్పుడు మూత్రం జారుతుంటే పొత్తికడుపు కింది కండరాలు ఇంకా కుదుటపడలేదన్నమాట, సిగ్గుపడి దాచకుండా ఫిజియోకి చెప్పాలి. ఆట మానిన ఏడాదే వ్యాయామం కూడా ఒక్కసారిగా మానేస్తారు. తొడ కండరం తగ్గి, పది కిలోలు పెరిగి, పాత మోకాలు అప్పుడు అసలు బాధ పెడుతుంది. దూకడం మానాలి గానీ గుంజీళ్ళు మానకూడదు.

ఉద్యోగంలో ఉండగానే కోచింగ్ చదువుకోవాలి. పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ)లో ఏడాది డిప్లొమా ఉంది, డిగ్రీ అడుగుతారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది గానీ కోచ్ పోస్టుకి దాని బరువు తక్కువ. అందుకే ఆడే అమ్మాయి డిగ్రీ మధ్యలో వదిలేయకూడదు, దూరవిద్యలోనైనా పూర్తి చేయాలి. గొప్ప ఆటగాళ్ళందరూ గొప్ప కోచ్‌లు కారు, అది వేరే విద్య. చైనా లాంగ్ పింగ్ 1984లో ఆడి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది, 2008లో అమెరికా జట్టుని నడిపించి రజతం, 2016లో చైనాని నడిపించి స్వర్ణం తెచ్చింది. ఆ మధ్యలో ఆమె దేశదేశాల్లో కోచింగ్ పని చేసింది, నేరుగా జాతీయ జట్టు ఎవరూ చేతిలో పెట్టలేదు.

హాస్టల్ మాట. ఈ ఏడాది పంపకండి. నొప్పి మోకాలితో కొత్త చోటికి వెళ్తే తనని తాను నిరూపించుకోవాలని రెట్టింపు ఎగురుతుంది. నొప్పి తగ్గి, రిసీవ్ సగటు 2కి వచ్చాక మీరిద్దరూ వెళ్ళి రెండు రోజులుండి చూడండి. ఆడపిల్లల వింగులో రాత్రి ఉండేది ఆడ వార్డెనేనా, ఫిజియో వారానికి ఎన్నిసార్లు వస్తారు, గత మూడేళ్ళలో ఎంతమంది అమ్మాయిలు మోకాలి ఆపరేషన్‌తో వెళ్ళిపోయారు, టెన్త్ ఏ మీడియంలో రాయిస్తారు, అడగండి. మూడో ప్రశ్నకి "అలాంటివేం లేవండీ" అని వెంటనే జవాబొస్తే అక్కడ చదివే పెద్దపిల్లల్ని విడిగా అడగండి. ఈలోగా ఆ బొట్టుబిళ్ళల వీడియో ఒకటి, గోడ మీది రెండు కొలతలు, 50 సర్వీసుల మార్కులు ఇక్కడ పెట్టండి. అవి చూస్తే పొజిషన్ గురించి ఇంతకంటే కచ్చితంగా చెప్పొచ్చు.